ఏడు వారాల షరీఫు

చండూరు దాటినంక మా ఊరు.
పంచాయతీ ఆఫీసుల షటరున్న టీవీ,
దాని తాళంచెవి సుంకరి ఉప్పలయ్య మొలతాడుకు.
ఆదివారం రాత్రి వార్తలైనంక
ఇంగ్లీషుల గుర్రాల సీరియలొచ్చేది.

పేరుకు ఎవ్వరికీ నోరు తిరగలే.
అక్షరాలు అంటుకున్నట్టు వచ్చి
కూడబలుక్కునేలోపు బూడిదయ్యేటియి.
అండ్ల అందరు వాణ్ని పిలిచే మాటొక్కటే చెవులవడ్డది.
కాంపౌండర్ మైనొద్దీన్ చెప్పిండు:
"షరీఫంటే మంచోడు. మా దాంట్లగూడ గంతే."

నలుపు తెలుపుల ఆ దేశం
అచ్చం మా రాచగుట్ట ఎనక లెక్కనే ఉండేది.
బండలు, జెముళ్లు, ఎండకు ఎగిరే సన్నదుమ్ము.
దుమ్ములకెల్లి ఒక్కడొస్తుండు.
గుర్రం దిగినంక కుంటుతుండు.
వాడు కుంటంగనే చాపమీద వరుసంతా కదిలింది.
అండ్ల సగంమందివి దొడ్డికాళ్లు.
"వీడు గూడ మన నీళ్లు తాగినోడే"
అన్నది ఈదమ్మ, మోకాలు ఒత్తుకుంట.

కథ మైనొద్దీన్ చెప్పేటోడు
టీవీ పక్క స్టూలేసుకొని.
ఎవడో ఊరిబాయిల విషం కలిపిండట.
ఆవులు కూలబడుతున్నయి,
పిల్లల పండ్లకు గారలొస్తున్నయి,
షరీఫు నేలమీద వంగి
డెక్కల గుర్తులు సదువుతుండు.
ఓ వారం నల్లకోటోని మీద అనుమానం,
ఓ వారం సారాకొట్టు ఆమె మీద.
తెరమీదోళ్లు గంటసేపు కొట్లాడితే
ఈయన ఒక్క ముక్క: "బాయి సంగతే."
తెరమీద ఒక్క మాటంటే
ఈయన చెప్పుడు బీడీ ఆరేదాంక.

పొద్దుగాల మేం ఆడేటోళ్లం.
సైదులు షరీఫు.
కుంటుడు నేర్చుకునే పని లేదు వానికి.
జొన్నకట్టె గుర్రమెక్కి
బోరింగు చుట్టు మూడు సుట్లు తిరిగి
పంపుపిడి పట్టుకొని ఒకనాడు
"అరెస్టు" అన్నడు.
బిందెలోళ్లంత నవ్విన్రు.
పిడి విడువలేదు వాడు చానసేపు.

ఏడో వారం.
చేతిల లాంతరు, నడుముకు తాడు,
షరీఫు లోపలికి దిగుతుండు.
పైన అంచుమీద ఎవనిదో బూటు.
ఆడ ఆపిన్రు.

ఎనిమిదో వారం అదే టైముకు
వరిల దోమపోటు మీద ఇద్దరు సార్ల ముచ్చట.
తొమ్మిదో వారం సితారు.
ఉప్పలయ్య మిద్దెక్కి
ఏరియల్‌ను పట్నం దిక్కు తిప్పిండు,
దేవరకొండ దిక్కు తిప్పిండు,
"వచ్చిందా?" అని అరిసిండు,
రాలేదు.
గుర్రం సచ్చింది గావచ్చునన్నరు కొందరు.
ఈదమ్మ మాత్రం దవాఖానకు పోయి అడిగింది:
"ఇంతకు కలిపినోడెవడు?"
నొప్పిగోలీలు లెక్కవెడుతున్న మైనొద్దీన్
లెక్క తప్పి
మల్ల ఒకటికాడికెల్లి మొదలువెట్టిండు.

మొన్న మిర్యాలగూడ బస్సుల
ఫోన్ల దొరికింది.
ఏడు భాగాలు. ఏడే.
ఇప్పుడు నాకు ఇంగ్లీషొచ్చు,
ముప్పై ఏండ్లు బడిల చెప్పిన.
చెవులకు వైర్లు పెట్టుకొని మొత్తం చూసిన.

బాయి లేదు.
విషం లేదు.
దొంగసంతకం పెట్టిన వీలునామా,
బంగారం పెట్టె, అన్నదమ్ముల పగ.
వాని కాల్ల ఉన్నది తమ్ముని తూటా.
దిగింది పాడువడ్డ గనిలకు.
కూలబడ్డయన్న ఆవులు
ఉత్తగ పండుకున్నయి,
నెమరేస్తున్నయి.

మైనొద్దీన్ పోయి ఎన్నేండ్లాయె.
ఇంగ్లీషు ముక్క రాదాయనకు.
దవాఖాన కిటికీలకెల్లి
రోజూ ఒకే దారి చూసేటోడు,
ఆ దారెంట వచ్చే నడకలు.

సైదులుకు ఫోను చేసిన.
వాడిప్పుడు మెడ ఎత్తలేడు,
ఫోను ఒళ్లె పెట్టి
దానిమీదికే వంగి మాట్లాడుతడు.
నల్లల కృష్ణ నీళ్లొస్తున్నయి గని
వంగింది వంగినట్టే.
"దొరికిందారా? నిజంగ?" అన్నడు.
ఆ గొంతుల జొన్నకట్టె గుర్రం దుంకింది.
"మరి ఎవడట?"

బస్సు కల్వర్టుమీద ఎత్తేసింది.
వైరొకటి చెవికెల్లి జారింది.
"ఆగురా," అన్న,
"ఇంక దిగుతనే ఉండు."